నీలం రంగు పెట్రోలు

2025 మే 18, ఆదివారం
గడ్డి కోసే మెషిన్ మళ్లీ స్టార్ట్ కాలేదు. బత్తాయి తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. మా ఆయన ధనుంజయ మెషిన్‌ను బండికి కట్టుకుని కంభం తీసుకెళ్లాడు. మెకానిక్ కోటేశ్వర్లు ట్యాంకు వాసన చూసి, "రెండు నెల్ల నాటి పెట్రోలు పోస్తే ఎట్ల ఆడతాదన్నా? ఇప్పటి పెట్రోలు తేమ పీలుస్తాది. పదిహేను దినాలకు సరిపడా తెచ్చుకో. ఎండ తగలనీయబాకు" అన్నాడట.
కొత్త పెట్రోలు క్యాన్‌లో తెచ్చాడు. మెషిన్ ఇంజనుకని టూటీ ఆయిల్ కలపగానే నీలంగా మారింది. అచ్చం రేషన్ కిరసనాయిల్ రంగు.

మే 24
రేకుల షెడ్డులో క్యాన్ ఉబ్బిపోయింది. మూత తీస్తే బుస్సుమంది. భయమేసి తెచ్చి ఇంట్లో మెట్ల కింద పెట్టాను. చల్లగా ఉండేది అక్కడే. ఒకప్పుడు కిరసనాయిల్ పెట్టుకున్న చోటు. ధనుంజయకు చెప్పాలి.

మే 27
చెప్పడం మర్చిపోయాను.

జూన్ 2, సోమవారం
రాత్రి వానకు కట్టెలు తడిశాయి. పొద్దున నేను పాలకేంద్రానికి వెళ్లాను. మా అత్త లక్ష్మీదేవమ్మ నీళ్ల పొయ్యి అంటించబోయింది. నేను తిరిగొచ్చేసరికి ధనుంజయ ఆమెకు గోనెపట్టా చుట్టి నేల మీద దొర్లిస్తున్నాడు. పొయ్యి పక్కన క్యాన్ కరిగిపోయి ఉంది.
మార్కాపురంలో చూసి ఒంగోలు పంపారు.

జూన్ 3
ఒళ్లు అరవై శాతం కాలిందన్నాడు డాక్టరు.
ధనుంజయ అదే మాట అడుగుతున్నాడు. "క్యాన్ షెడ్డులో గదా ఉండేది. అమ్మ అంత దూరం పోయి ఎందుకు తెచ్చినట్టు?"
నీళ్లు తెస్తానని లేచి వచ్చేశాను.

జూన్ 4
వాంగ్మూలం తీసుకోవడానికి మెజిస్ట్రేట్ వచ్చింది. నన్ను బయటికి పంపారు. ఇట్లాంటి కేసుల్లో ముందు కోడలినే అనుమానిస్తారని పక్క మంచానికి తోడుగా ఉన్న శ్రీశైలమ్మ చెప్పింది. తలుపు సందులోంచి అత్త గొంతు వినబడింది. "కిరసనాయిలనుకున్నానమ్మా. షెడ్డులోంచి నేనే తెచ్చుకున్నా. మా కోడలు ప్రసన్నకేమీ తెలవదు."
ఆమె షెడ్డు వైపే పోలేదు.
లోపలికి వెళ్లాక నా వైపు చూసి, "వానికి చెప్పబాకు" అంది.

జూన్ 6
పొద్దున ఆరింటికి పోయింది.

జూన్ 17
నిన్న కర్మ అయింది. చూపు ఆనక అట్ల చేసిందని చుట్టాలంతా అన్నారు. ధనుంజయ తలూపాడు. ఆమె చూపుకేం కాలేదు. మొన్నటిదాకా సూదిలో దారం తనే ఎక్కించుకునేది.

జూన్ 19
ధనుంజయకు చెప్పాను.
"అమ్మకు తెలుసునా?" అని అడిగాడు. తెలుసన్నాను.
పాడె మోసిన రోజు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. నన్ను దగ్గరికి రానివ్వలేదు.