ఎండాకాలంలో దుప్పటి

కడప,
శుక్రవారం, మధ్యాహ్నం

అక్కకు సుజాత నమస్కారాలు. నేను కులాసా. నువ్వూ కులాసానే అని రాయబోతే, నీ ఉత్తరం గుర్తొచ్చి కలం కదల్లేదు. బావ, అత్తమ్మ ఎలా ఉన్నారు?

ఈ ఎండకు మా నర్సింగు హాస్టలు గోడలు కూడా కునుకు తీస్తున్నట్టుంటాయి. సంగటి మన ఇంటిదంత మెత్తగా ఉండదు. అయినా తింటున్నాను, బెంగపడకు. ఈమధ్య పాఠాల్లో కొత్త మాట దొరికితే బెల్లంముక్కలా చప్పరిస్తూ తిరుగుతున్నాను. కళ్లు మూస్తే మన బేతంచెర్ల. బండల పాలిష్ మిషన్ల తెల్లనీళ్లు కాలువలో మెల్లగా పారుతుంటాయి. ఆ పక్కన నువ్వు మండుటెండలో దుప్పటి కప్పుకుని నడుస్తుంటావు. ఎంత పిలిచినా తిరిగి చూడవు.

ఆ దుప్పటి నీ ఉత్తరంలోదే. లివరు సూదులు మొదలయ్యాక ఎండలోనూ చలి, ముఖం ఉబ్బు, గొంతు బొంగురు, ఎప్పుడూ నిద్ర అని రాశావు. "చప్పిడి పథ్యం తప్పినావు, దొంగతనంగా ఊరగాయ తింటాండావు" అని అత్తమ్మ అంటోందనీ, ఇక సూదులే మానేస్తాననీ రాశావు. మానొద్దక్కా.

నీ పేరు చెప్పకుండా మా మేడమ్‌ను అడిగాను. హెపటైటిస్ సి ఉన్నవాళ్లలో, ముఖ్యంగా ఈ ఇంటర్‌ఫెరాన్ సూదులు వేసుకునేవాళ్లలో, కొందరికి ఒళ్లు తన థైరాయిడ్‌నే శత్రువనుకుని దెబ్బతీస్తుందట. ముందే ఆ జబ్బుంటే ఇంకా పెరగొచ్చట.

"ఆయమ్మకు ముందే థైరాయిడ్ ఉండాదా?" అంది.

"ఉండాది మేడమ్. పెండ్లికి ముందు మాత్రలు మానేసింది."

"సూదులేసే డాక్టరుకు చెప్పిందా?"

"అత్త పక్కనే కూర్చోనుండాదని, ఏ జబ్బూ లేదనింది."

"అత్త దగ్గర దాచినారు సరే. డాక్టరు దగ్గర గూడా దాస్తే ఆయనేమన్నా జోస్యం చెప్తాడా?"

రక్తపరీక్షతో తెలిసిపోతుందట. చాలామంది థైరాయిడ్ మాత్ర వేసుకుంటూనే సూదులు పూర్తి చేస్తారట. ఏది ఆపాలో, ఏది వేయాలో డాక్టరే చెప్పాలి.

సంబంధం చెడుతుందని అమ్మ ఆ మాత్రలను బియ్యం డబ్బాలో దాచిన రోజు గుర్తుందా? ఆ భయం అప్పటిది. ఇప్పుడు నీకు దుప్పటి కప్పుతున్నది ఎవరు? తిడుతూనే అత్తమ్మ కప్పుతోందని నువ్వే రాశావు. ఆమెతో చెప్పు.

బావకు నమస్కారాలు. నన్ను దీవించు, పరీక్షలు దగ్గరకొచ్చాయి. నీకు నోరు రాకపోతే ఈ ఉత్తరం బావ చేత అత్తమ్మకు చదివించు. ఈ కింది మాట ఆమెకే.

అత్తమ్మా, మా అక్క పథ్యం తప్పలేదు. భయపడి ఒక మాట దాచింది. ఈసారి ఆసుపత్రిలో కూడా మీరే పక్కన కూర్చోండి.

మీ
సుజాత