ముందు నువ్వు చూపించుకో

ఖోన్‌కేన్, మార్చి 3

ప్రియమైన అన్నయ్యకు,

ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు, అందుకే రాస్తున్నాను. తొమ్మిదో తేదీన మన ఊరి బడికి పొట్ట స్కానింగ్ బండి వస్తోంది. వెళ్ళి పడుకో, పది నిమిషాల పని. నా వార్డులో అందరూ నీలాంటివాళ్ళే. చీ నది చేపని పచ్చిగానే కొట్టి, నిమ్మరసం పిండుకుని తిన్నవాళ్ళు. అందులోని పురుగు కాలేయంలో, పిత్తం పారే నాళంలో కాపురం పెట్టి, ఏళ్ళ తరబడి పుండు చేస్తుంది. చివరికది క్యాన్సరవుతుంది. వేరే దేశాల్లో ఎక్కడో ఒకరికొచ్చే జబ్బు, మనకి వీధికొకరికి. కళ్ళు పచ్చబడ్డాక వస్తే మేం చేయగలిగేది తక్కువ. నాన్నని చూశాం కదా.

వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
రాంపై

నోంగ్‌సిమ్, మార్చి 8

ప్రియమైన నర్సమ్మగారికి,

తమరి ఉపన్యాసం అందింది. మీ వదిన కూడా చదివి నా వైపు గుర్రుగా చూసింది. నాకేమే, గుండ్రాయిలా ఉన్నాను. అయినా పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నాతో పోటీపడి ఆ పచ్చి చేప మెక్కిందెవరు? అందులో పులుపుకి ఎర్రచీమలు ఇంకాసిని వెయ్యమని గోల చేసిందెవరు? ఇరవై రెండేళ్ళుగా అందరినీ ఆ బల్ల మీద పడుకోబెడుతున్నావు, నువ్వొక్కసారైనా పడుకున్నావా? ముందు నువ్వు చూపించుకో. ఆ కాగితం పంపు. అప్పటిదాకా నాకు నీతులు చెప్పకు.

మీ అన్న,
ఖామ్‌సింగ్

ఖోన్‌కేన్, మార్చి 19

ప్రియమైన అన్నయ్యా,

నీ మీద కోపంతోనే వెళ్ళాను, కాగితం నీ మొహాన కొట్టాలని. డాక్టరమ్మ కబుర్లు చెబుతూ మొదలుపెట్టింది. ఎడమ వైపుకొచ్చేసరికి మాట ఆగిపోయింది. "రాంపై, ఊపిరి బిగపట్టు," అంది. "మళ్ళీ ఒకసారి," అంది. ఆ గొంతు నాకు తెలుసు, రోజూ వినేదే.

నాళం ఉబ్బింది, పక్కన చిన్న మచ్చ. నొప్పి లేదు, కళ్ళు తెల్లగానే ఉన్నాయి. రెండో స్కానింగ్‌లోనూ అదే తేలింది. ఇరవై ఎనిమిదిన కాలేయం ఎడమ భాగం తీసేస్తారు. ఇంకో ఏడాది ఆగితే కోసినా లాభముండేది కాదట. రోగులకి చెప్పే ధైర్యం మాటలేవీ నా మీద పనిచేయడం లేదు. ఒక్కసారి రా అన్నయ్యా.

రాంపై

నోంగ్‌సిమ్, ఏప్రిల్ 8

ప్రియమైన రాంపైకి,

మీ వదిన ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కుంది. కోసిన అంచుల్లో జబ్బు జాడ లేదట. ఇక చెప్పొచ్చు.

రాలేదని తిట్టుకుని ఉంటావు. వస్తే నా కళ్ళు చూసి ఆపరేషన్ బల్ల మీంచి దిగిపోయేదానివి. ఒళ్ళంతా దురదలు పెడుతుంటే ఫిబ్రవరిలో నీకు తెలియకుండా ఉదాన్ ఆస్పత్రికి వెళ్ళి చూపించుకున్నాను. కాలేయం రెండు వైపులా పాకింది, కోయడానికి లేదన్నారు. నాళంలో గొట్టం పెట్టారు, దురద కాస్త నయం. ఆ డాక్టరు, "మీతో కలిసి తిన్న తోబుట్టువులెవరైనా ఉన్నారా? వాళ్ళకి వెంటనే చూపించండి," అన్నాడు.

నా సంగతి చెబితే నన్నేసుకుని ఆస్పత్రుల చుట్టూ తిరుగుతావు, నీ పొట్ట నీకు గుర్తే రాదు. మంచిగా చెబితే వినవు. చిన్నప్పటి నుంచీ రెచ్చగొడితేనే కదిలే మనిషివి. ఫోన్ పెట్టేసింది కూడా మీ వదిన ఏడుపు నీకు వినపడుతుందనే.

ఇప్పుడు రా. కుట్లు విప్పించుకున్నాకే రా, మన ఊరి బస్సు కుదుపులు తెలుసుగా. అప్పటిదాకా ఉంటాను.

అన్నయ్య