బానెట్ మీది బొట్టు

గోదావరిఖని,
29-10-74

సదయ్య బావకు దండాలు.

నువ్వు కొత్తగూడెం డ్యూటీకి పోయినంక నీ పాత అంబాసిడర్ స్టార్టయింది. సంబురపడకు, ముందుగాల ఇది సదువు.

దసరా తెల్లారి సెల్ఫు కొడితె ఇంజను గిర్రగిర్ర తిరిగింది గాని అంటుకోలె. పండుగకు ముందు సర్వీసు చేసిన ఇస్హాక్ భాయి సామాను మార్చిండు, దొంగ అని చౌరస్తల నలుగుర్ల ఒర్రినవు. నువ్వు బస్సెక్కినంక ఇస్హాక్ భాయి తానే బండి చూడ వచ్చిండు. బ్యాటరీ మంచిగున్నది. పెట్రోలు వస్తున్నది. ప్లగ్గు పీకి చూస్తె నిప్పురవ్వ లేదు. ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బ మూత తీస్తె ఏమున్నది బావా? లోపలంత తడి పసుపు, కుంకుమ!

అక్కను అడిగిన. దసరా పూజల కనవడ్డ ప్రతి సామానుకు బొట్టు పెట్టుకుంట, ఆ మూత గూడ ఇప్పినవట. భక్తి నీది, దొంగ పేరు ఆయనకా? ఆనాటి సంది ఆయన షెడ్డుకు ఒక్క బండి వస్తలేదు.

“పూజ కొరకు చేసిండు గద, మీ బావకు చెప్పకు, బాధపడుతడు” అన్నడు ఇస్హాక్ భాయి. ఆయన చెప్పొద్దన్నడు గనుకనే నేను రాస్తున్న. ఆదివారం రా. గదే చౌరస్తల, గా నలుగురి ముంగటనే తప్పు నాదని చెప్పు. అప్పటిదాంక నీ బండి నేను తోల.

ఇంకోటి. లోపలిదంత ఆయన గుడ్డతోని తుడిచిండు. బానెట్ మీద నువ్వు పెట్టిన బొట్టుకు మాత్రం ఆ గుడ్డ తాకనియ్యలె.

నీ బామ్మర్ది