సారు పేరు కింద నేను వేయించిన మాట

ఎల్లారెడ్డి, కార్తీకం, 1939. మంగళవారం రాత్రి.

చరిత్ర చెప్పే నరహరి సారును పట్నంలో యూనివర్సిటీ పెద్దలు నౌకరి నుంచి తీసేశారు. అన్యాయం వాళ్లదే. వాళ్ల చేతికి కత్తి అందించింది మాత్రం నేను.

కామారెడ్డి గ్రంథాలయంలో వెట్టిచాకిరీ గురించి మాట్లాడమని నేను పిలిచిన రోజే సారు గట్టిగా చెప్పారు. "నా మాటలు నావి తమ్మీ. కరపత్రంల యూనివర్సిటీ పేరు రావద్దు." సరేనన్నాను. ఉత్త పేరుకు జనం రారనిపించి "యూనివర్సిటీ లెక్చరర్" అని లావు అక్షరాల్లో అచ్చు వేయించాను. జనం వచ్చారు. యూనివర్సిటీ పేరు వాడుకున్నాడని ఆ కరపత్రమే చూపించి ఆయన్ను తీసేశారు.

ఇవాళ సారు వాళ్ల అన్న రాజన్న దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాను.

"ఎవరు అచ్చేసిండ్రని అడిగిండ్రట. మా తమ్ముడు నీ పేరు చెప్పలే," అన్నాడు రాజన్న. "నువ్వు స్వేచ్ఛ స్వేచ్ఛ అని ఒర్రుతవు. క్లాసుల నిజం చెప్పెటందుకు వాడు ఇన్నేండ్లు బయట ఎంత పైలంగ మసలుకున్నడో ఎరికేనా?"

తిట్టినా బాగుండేది. ఇక ఆ క్లాసులో నోరు తెరిచేదెవరు?

రేపు సారు పెట్టె బేడాతో కామారెడ్డిలో దిగుతారు. నేను ఒప్పుకున్నా నౌకరి తిరిగి రాదు. ఎవరైనా వస్తారన్న నమ్మకమూ లేదు. అయినా చీటీలు చేత్తో రాసి కింద నా పేరు పెట్టాను:

"నరహరి సారు వస్తున్నారు. కరపత్రంలో 'యూనివర్సిటీ లెక్చరర్' అన్న మాట ఆయనకు తెలియకుండా వేయించింది నేను. సారు ఎదుటే చెప్తాను. బుధవారం సాయంత్రం ఐదు గంటలకు కామారెడ్డి స్టేషను ముందుకు రండి."