బావా, ఊరు దొరికింది

ఫల్గుణ బావకు,

కనక దండం పెట్టి రాయునది. ఇక్కడ నేను, సోని, అత్త క్షేమం. త్రిపుర క్యాంపులో నువ్వు, నీ తుపాకీ, నీ యూట్యూబూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోకు. ఫోన్‌లో నేను రెండు ముక్కలు చెప్పేలోగా "సరే సరే" అంటావు, ఆపైన సిగ్నల్ పోయిందంటావు. కాగితానికి సిగ్నల్ పోదు. ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను. చివరిదాకా చదువు, సగంలో మడిచి జేబులో పెట్టుకుని క్యారమ్స్ ఆడటానికి పోకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. సోని సికిల్ సెల్ మాత్రలు రోజూ వేసుకుంటోంది. నీళ్లు బాగా తాగించమన్నారు కదా, చెంబు పట్టుకుని దాని వెనకే తిరుగుతున్నాను. మోకాళ్ల నొప్పి ఈ నెల ఒక్కసారే వచ్చింది. డాక్టరు మాత్రం మళ్లీ మేనరికం గురించి క్లాసు పీకాడు. పెళ్లి చేసిన పెద్దలను పట్టుకుని తిట్టాలి గానీ, సూది గుచ్చించుకుంటున్న పిల్ల ఎదుట నన్ను తిడితే దాని రక్తం మారుతుందా? కాఫీ తోటను బుధు అన్న చూసుకుంటున్నాడు. చూసుకోవడమంటే ఉదయం ఒకసారి వెళ్లి, చెట్లు ఎక్కడికీ పారిపోలేదని చూసి రావడం. అత్త చుట్ట మానలేదు. నువ్వు పంపిన వీడియో చూశాను.

ఆ వీడియో గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కుటుంబంతో స్థిరపడటానికి మంచి నగరాలట. చెప్పేవాడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. వెనకాల సోఫా, చేతిలో కప్పు, నోరు తెరిస్తే "క్వాలిటీ ఆఫ్ లైఫ్". పార్కులకు మార్కులు వేశాడు, మాల్స్‌కు మార్కులు వేశాడు, సాయంత్రం వీచే గాలికి కూడా మార్కులు వేశాడు. ఒంట్లో రక్తం నిలవని పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తే వాళ్లకు ఏ ఊరు మంచిదో వాడికెవడు చెప్పాడు? దేశానికి కాపలా కాసేవాడివి, పెళ్లాం బిడ్డలకు ఊరు ఎంచడానికి నీకు ఆ గుంటడే దొరికాడా?

ఆ వీడియో చూసి నువ్వు పంపిన ఊళ్ల జాబితాలో మొదటిది హైదరాబాద్. చూడకుండానే కొట్టేశాను. అక్కడ నీ తమ్ముడి పెళ్లాం ఉంది. ఇంతకు మించిన కారణం నీకూ అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు.

ఊరు వదలాలంటే బాధగా లేదా అని అడిగావు. బాధపడటానికి మన ఊరు మనకు మిగిలుంటే కదా. సెలవులొస్తే డుంబ్రిగుడ సంతకు నడిచి వెళ్లే దారి ఉండదు, అన్నీ కార్లే. వలిసె చేను పచ్చగా పూస్తే అందులో దిగి తొక్కుకుంటూ ఫొటోలు. అద్దె చీర కట్టుకుని థింసా ఆడతారు, బొంగులో కోడి తింటారు, మూతి తుడుచుకుని "ఎంత అదృష్టమండీ మీది, ఈ గాలిలో బతుకుతున్నారు" అంటారు. గాలి పీలిస్తే సోనికి రక్తం పడుతుందా? పోయిన వానాకాలం పిల్ల నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఘాట్‌లో కొండచరియ విరిగిపడి అంబులెన్స్ ఆగిపోయింది. రాళ్లు తీసేదాకా అది నా ఒళ్లో అరుస్తూనే ఉంది. నువ్వు ఫోన్‌లో విన్నావు, నేను పక్కనుండి విన్నాను. మళ్లీ వానలు ముదిరేలోగా పెద్దాసుపత్రి దగ్గర్లో ఉండాలని ఆ రోజే అనుకున్నాను, అది ఎంత దిక్కుమాలిన ఊరైనా సరే. నాకు ఊరు వదిలే బాధ లేదు బావా, ఆ ఘాట్ రోడ్డంటే భయమే ఉంది.

అందుకని విశాఖపట్నం వెళ్లాం. స్టేషన్‌కు మీ చిన్నాన్న కొడుకు రవిబాబు వచ్చాడు. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్, అడిగితే సూపర్‌వైజర్‌నంటాడు. రైలు దిగుతూనే అత్త మన కొండ ఒరియాలో వాణ్ణి పలకరించింది. వాడు అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరకొచ్చాడు.

"ఒదినా, ఇక్కడ మన బాస వద్దు. తెలుగే మాటాడమను పెద్దమ్మని. నలుగురూ సూత్తన్నారు."

వాళ్లమ్మ జ్వరంతో పడుంటే వీణ్ణి ఒళ్లో వేసుకుని అంబలి తాగించిన మనిషి అత్త. అప్పుడు ఏ భాషలో తాగావురా అని అడగాలనిపించింది. వాడి ఇంట్లో అన్నం తినాలి కదా అని ఊరుకున్నాను.

వాడు చూపించిన ఫ్లాట్ నాలుగో అంతస్తు. లిఫ్ట్ ఉంది, కదలదు. "బాగుసేత్తార్లే ఒదినా" అన్నాడు, ఎప్పుడో చెప్పలేదు. సోని రెండో అంతస్తులోనే మెట్ల మీద కూలబడింది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని ఊదరగొట్టాడు. మెడ విరుచుకుని చూస్తే రెండు మేడల సందున జేబురుమాలు ఆరేసినంత నీలం కనిపించింది. ఆ సముద్రమేదో తనే తవ్వించినట్టు వాడి మురిపెం చూడాలి.

అత్త ఊరుకుంటుందా? ఇల్లు కట్టే చోట మనవాళ్లు చేసే పనే అక్కడా చేసింది. తాళం రవిబాబు దగ్గరే ఉంది కాబట్టి సాయంత్రం ఆ ఖాళీ గది మూల, టైల్స్ మీద, బియ్యపు గింజలు జంటలు జంటలుగా పేర్చింది. ఊరి నుంచి తెచ్చుకున్న అడ్డాకు దొప్ప వాటి మీద బోర్లించింది. తెల్లారేసరికి గింజలు కదలకపోతే కాలం చేసిన పెద్దలు ఒప్పుకున్నట్టు, చెదిరితే వద్దన్నట్టు. తెల్లారి చూస్తే పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రవిబాబు చప్పట్లు కొట్టాడు. అత్త మాత్రం గది నాలుగు మూలలూ వెతికింది, గోడ వార తడిమింది, నడుం పట్టుకుని లేచింది.

"సీమ నేదు, పురుగు నేదు, ఎలక నేదు. కదిపేవోడే నేని కాడ కదల్నేదంటే ఏటిరా? పెద్దలు ఒప్పుకున్నట్టా, ఈ మెట్లెక్కి రానేకపోయినట్టా?"

నెలనెలా మందు కొట్టిస్తామని, ఒక్క చీమ కూడా బతకదని వాడు గొప్పగా చెప్పాడు. "సీమే బతకని కాడికి నా మనవరాల్ని తెమ్మంతావేటి?" అని అత్త సంచి తీసుకుని మెట్లు దిగిపోయింది. విశాఖపట్నం అలా అయిపోయింది.

ఇక విజయనగరం. ఇది ఆ వీడియోలో లేదు, నువ్వే కలిపావు, అందుకే కాస్త తెలివిగా ఉంది. కోట ఉందని, సంగీతం పుట్టిన ఊరని చెప్పుకుంటారు. నాకు వినిపించిన సంగీతమంతా ఆటోల హారన్లే. అయినా ఒక ఇల్లు దొరికింది. కింది వాటా, మెట్లు లేవు, పెరట్లో కుళాయి ఉంది, వీధి చివర పెద్దాసుపత్రి. సోని తన కాళ్లతో నడిచి వెళ్లి రాగలదు. అది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకన్నా ఏం కావాలనుకున్నాను.

ఇంటాయన సర్వేశ్వరరావు గారు రిటైరైన మాస్టారు. ఆయనకు నోట్లో నాలుక లేదు, ఆయన వంతు కూడా భార్యే వాడుకుంటోంది. ఫోన్‌లో నీ యూనిఫాం ఫొటో చూపించేసరికి ఆవిడ మెత్తబడింది. "జవాన్ల ఫ్యామిలీ అంటే మాకు చాలా గౌరవమండీ" అంది. ఆ గౌరవంతోనే మా కులమేమిటి, ఏం వండుతాం, చుట్టాలు ఎప్పుడెప్పుడు వస్తారు అన్నీ ఆరా తీసింది. కొండవాళ్లమని చెప్పాను. నన్ను కింద నుంచి పైదాకా చూసి "మీరలా కనిపించరే!" అంది. పాపం, నన్ను మెచ్చుకున్నాననే అనుకుంది.

అప్పుడు ఆవిడ కళ్లు గేటు దగ్గర నిలబడ్డ అత్త మీద పడ్డాయి. ముఖాన పచ్చబొట్లు, ముక్కుకు మూడు పోగులు, చెవి సందున దోపిన సగం చుట్ట.

"ఆవిడెవరండీ? ఆవిడ కూడా ఇక్కడే ఉంటుందా? అలాంటి వాళ్లయితే కష్టమండీ, పైన మాకు పూజలూ అవీ ఉంటాయి. పనిమనిషి అయితే అది వేరే సంగతి."

నేను నోరు తెరిచాను. నా నోరు సంగతి నీకు తెలుసు, సంతలో తూకం మోసం చేసే ప్రతి షావుకారుకూ తెలుసు. కానీ నా కంటే ముందే అత్త చేతులు జోడించింది.

"పనిమనిసినేనమ్మా. గుంటకి ఒంట్లో బాగోదు గదా, ఈలింట్లో సాకిరీకొచ్చాను. పెరట్లో ఓ మూల తొంగుంతాను."

"పనిమనిషిని కూడా తెచ్చుకున్నారా! మరి చెప్పరేం?" అని ఆవిడ సంతోషంగా తాళం తేవడానికి వెళ్లింది. సోని అరుగు మీద కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటోంది. దాన్ని చూశాను, అత్తను చూశాను. నోరు మూసుకున్నాను బావా.

తిరిగొచ్చే బస్సులో అత్తను నిలదీశాను. "ఏటత్తా ఆ మాట? మా నాన్నకి అక్కవి, నా మొగుడికి తల్లివి. పనిమనిసివేటి?"

"గుంట బతకాలా వద్దా? ఆసుపత్రి ఆ ఈది సివర్నే ఉంది. నన్ను ఏటంటే ఏటి, అరిగిపోతానేటి?" అంది. అని ఊరుకోలేదు. నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. ఆ ఇంట్లో ఎవరి ముందూ నోరిప్పకూడదు, నీకు ఫోన్‌లో చెప్పకూడదు. ఉత్తరం సంగతి ఆవిడకు తట్టలేదు. నేను దాచిన కారణం ఇదే.

ఇప్పుడు ఇంకో మాట. ఈ ఉత్తరం మన ఊరి నుంచి రాయడం లేదు. ఆ ఇంట్లో కూర్చునే రాస్తున్నాను. పోయిన వారమే సామాను తెచ్చేశాం. అత్త ఇక్కడ బియ్యపు గింజలు పెట్టలేదు. పెట్టవా అంటే "అక్కర్నేదు" అని అటు తిరిగింది. పెద్దలు ఏమంటారో ఆవిడకూ తెలుసు.

వచ్చిన మర్నాడే ఇంటావిడ ఎలాగూ చీపురు పట్టుకున్నావు కదా అని మెట్లు కూడా ఊడవమంది. ఆ తర్వాత పైన గిన్నెలు. జీతమివ్వనక్కర్లేని పనిమనిషి మీద ఆవిడకెంత దయ కలిగిందంటే, చిరుగు కనపడకుండా మడిచి ఒక పాత చీర ఇచ్చింది. అత్త దాన్ని కళ్లకద్దుకుని తీసుకుంది. మన కాఫీ పండ్ల కాలంలో అంతమంది కూలీలను అదిలించి పని చేయించిన మనిషి. పెరట్లో కూర్చుని తింటోంది. లోపలికి రమ్మంటే ఎవరైనా చూస్తారంటుంది.

ఇదంతా అయినా ఈ ఉత్తరం రాసేదాన్ని కానేమో. ఇంటావిడ ఎదుట మామ్మా అనకూడదని, పేరు పెట్టి పిలవాలని సోనికి అత్తే నేర్పింది. నిన్న మధ్యాహ్నం పై వాళ్లు ఊళ్లో లేరు. గేటుకు తాళం వేసుంది. ఇంట్లో మేం ముగ్గురమే. సోని మంచం మీద పడుకుని, ఫోన్ చూసుకుంటూ, తల కూడా తిప్పకుండా "సోములమ్మా, నీళ్లు" అంది. అత్త లేచి వెళ్లి తెచ్చి ఇచ్చింది.

నా చెయ్యి లేచింది. కొడదామంటే ఆ పిల్ల ఒంట్లో కొట్టడానికి చోటేదీ? అత్త నవ్వి, "అలవాటు పడతంది, మంచిదేలే" అంది. పొద్దస్తమానం లోకాన్నంతా తిట్టిపోస్తాను, రవిబాబును ఏమన్నానో పైన చదివావు కదా. వాడు దాచుకున్నది భాషనే, నేను మనిషినే దాచాను. వాడి కంటే తీసికట్టుదాన్ని. వానలు మొదలయ్యాయి, పిల్ల నొప్పి అనగానే ఆసుపత్రికి నడిపించుకు వెళుతున్నాను, ఆ సుఖం మరిగి నోరు పెగలడం లేదు.

నీకు వచ్చే నెల సెలవు అన్నావు. బేగి రా. ఊళ్లో దిగి, స్నానం చేసి, గళ్ల చొక్కా తొడుక్కుని రాకు. యూనిఫాంలోనే రా, ఆవిడకు గౌరవం కదా. గేటు దగ్గర ఆగి పై వాటాకు వినిపించేలా "అమ్మా" అని పిలువు. అత్త మెట్లు ఊడుస్తుంటే ఆ మెట్ల మీదే కాళ్లకు దండం పెట్టు. సోని చూడాలి, ఇంటావిడ చూడాలి, ఆ మాస్టారు కూడా చూడాలి. ఇల్లు ఉంటుందో పోతుందో నాకు తెలియదు. పోతే ఇదే వీధిలో ఇంకో గేటు కొడతాను, ఈసారి అత్తను ముందు నిలబెట్టి. నోరిప్పనని నేను ఒట్టు వేశాను బావా. నువ్వు వేయలేదు.

ఇట్లు,
సోములమ్మ మేనకోడలు, ఆవిడ ఒక్కగానొక్క పెద్ద కోడలు,
నీ కనక