బంతికి ఇల్లు, మిగిలినవారికి మిగిలినవి

ఫ్రిజ్‌ల మరమ్మతు మీద బతికిన నేను, ఒంట్లో సత్తువ తగ్గినా మతి తగ్గని స్థితిలో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా చేతులారా రాసుకున్న వీలునామా ఇది. పామును పెంచేవాడికి మతి ఎక్కడిదని తమ్ముడు అడుగుతాడని తెలిసి డాక్టరు ధ్రువపత్రం జతపరిచాను. ఆయన మనుషుల డాక్టరే.

నేను మాట్లాడేది తక్కువ. ఇందులో నాలుగు మాటలు ఎక్కువైతే, బతికుండగా మిగిల్చినవని సర్దుకోండి.

1. పక్క షాపులో తాళాలు చేసే మిత్రుణ్ణి దీనికి అమలుకర్తగా నియమిస్తున్నాను. ఆయన నాకంటే తక్కువ మాట్లాడతాడు. మేం స్నేహితులమన్న సంగతి మాకే ఈ మధ్య తెలిసింది.

2. నా తదనంతరం ప్రాణమున్న ఆస్తి ఒకటే మిగులుతుంది: బంతి అనే పాము. కొండచిలువల్లో పొట్టి జాతి. విషం లేదు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అందుకే ఆ పేరు. మేడమీద అద్దెకున్నాయన ఖాళీ చేస్తూ, "రెండ్రోజుల్లో వచ్చి తీసుకెళ్తానండీ" అని దీన్ని ప్లాస్టిక్ డబ్బాలో వదిలి వెళ్లాడు. ఆరేళ్లయింది. ఆయన రెండ్రోజులు ఇంకా పూర్తికాలేదు. కనుక యాజమాన్యం నాదే. ఇది ఇంకో ఇరవై ఏళ్లు బతకొచ్చని పశువుల డాక్టరు అన్నాడు. అలాంటి మాట నాతో ఏ డాక్టరూ అనలేదు. అందుకే ఈ కాగితం.

3. మేం మైకు అని పిలుచుకునే నా తమ్ముడికి, అతను ఎంతో ప్రేమతో తెచ్చిచ్చిన పెద్ద గాజు తొట్టెను సర్వహక్కులతో తిరిగి ఇస్తున్నాను. "అన్నయ్యా, నీ పాముకి రాజభవనం తెచ్చాను చూడు" అని దాన్ని ముందుగదిలో పెట్టించి, పైన దీపం వేలాడదీసి, వచ్చినవాళ్లందరికీ చూపించాడు. నాలుగు వైపులా అద్దాలు, దాక్కోవడానికి ఆకైనా లేదు. బంతి తిండి మానేసింది. నలుగురూ గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరికి ముద్ద దిగుతుంది? తమ్ముడికి దిగుతుంది. అందుకే తొట్టె అతనికే తగినది.

మొన్న ఆసుపత్రిలో, నేను నిద్రపోతున్నాననుకుని, "అన్నయ్య పోయాక దాన్ని ఏ పొదల్లోనో వదిలేస్తే సరి, అదే బతుకుతుంది, ఆ ఫ్రిజ్ పెట్టె పాతసామాన్లవాడికి వేసేద్దాం" అన్నాడు. కళ్లు మూసుకున్నవాళ్లందరూ నిద్రపోరు తమ్ముడూ. బంతిని వదిలేసే హక్కు గాని, దాని పెట్టెను అమ్మే హక్కు గాని అతనికి ఏనాడూ ఉండదు.

4. మా అక్కకు తెల్ల పింగాణీ గిన్నె. "పాముకు పాలు పోసి పెంచుతున్నావురా" అని ఆరేళ్లు తిట్టి, చివరికి నేను పనిమీద వెళ్లినప్పుడు ఆ గిన్నెలో పాలు పోసి పెట్టింది తనే. పాములు పాలు తాగవక్కా. అవి విరిగి గది కంపెత్తింది. పాము పగ పన్నెండేళ్లంటారు. నా పెళ్లిలో తనని ముందు వరసలో కూర్చోబెట్టలేదని అక్క ముప్పై ఏళ్లుగా అలిగే ఉంది. ఈ పందెంలో పాము ఓడిపోయింది.

5. బంతి ఇల్లు. కస్టమరు పనికిరాదని వదిలేసిన పెద్ద ఫ్రిజ్ అది. వెల్లకిలా కాదు, పక్కకు పడుకోబెట్టి, మోటారూ గ్యాసూ తీసేసి, గాలికి రంధ్రాలు వేసి, తలుపు స్థానంలో జరిపే అద్దం బిగించాను. బతుకంతా పెట్టెల్లోంచి వేడిని బయటికి తోశాను. చివరికి ఒక్క పెట్టెలో దాన్ని ఆపడం నేర్చుకున్నాను. ఈ కింది ఏర్పాటును ఎవరూ, ముఖ్యంగా సలహాలిచ్చే బంధువులు, మార్చరాదు.

ఒక కొస ముప్పై రెండు డిగ్రీలు, రెండో కొస ఇరవై ఆరు. వేడి కావాలో చల్లన కావాలో బంతి తేల్చుకుంటుంది, మనం కాదు. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ తీసేసి వేడి పెట్టరాదు, చర్మం కాలుతుంది. రెండు కొసల్లోనూ చెరో గూడు, ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకుగా. "అయ్యో, ఇరుకేమో" అని జాలిపడి పెద్దది పెట్టేవారు ముందు దీనికి బంతి అని పేరెందుకొచ్చిందో ఇంకోసారి చదువుకోవలెను. కింద తడి ఆరని కొబ్బరిపొట్టు. ఒళ్లు ముంచుకునేంత నీళ్ల తొట్టి. తాళం తప్పనిసరి. తిన్నాక రెండ్రోజులు ముట్టుకోరాదు. వారాల తరబడి తినకపోతే కంగారు పడి దాని చుట్టూ మూగరాదు.

6. ఇల్లు, షాపు, అందులోని పనిముట్లు, బంతి, బంతి ఇల్లు, అన్నీ నా భార్యకు.

ఇది విని తమ్ముడు నవ్వుతాడు. బంతి వచ్చిననాడు ఆమె గుమ్మంలో నిలబడి, "ఆ గదిలో అడుగు పెడితే నన్ను పేరు మార్చి పిలవండి" అని అందరూ వినేలా అన్నది నిజమే.

నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పామును చూసుకుంటానన్నది తమ్ముడు. "రోజూ వచ్చానన్నయ్యా" అన్నాడు. థర్మోస్టాట్ ఎక్కడుందంటే పైకప్పు చూశాడు. కాని నేను ఇంటికొచ్చేసరికి నీళ్లు తేటగా ఉన్నాయి, పొట్టు తడిగా ఉంది. అద్దానికి పాత దుప్పటి ముక్క కట్టి ఉంది. గూటి వాకిలి గోడవైపు తిప్పి ఉంది; ఆ ఆలోచన నాకు ఆరేళ్లలో తట్టలేదు. తొట్టె నాటి నుంచి నెలల తరబడి పస్తున్న బంతి ఆ రాత్రే తిన్నది. పెట్టె ముందు పీట, పీట కింద అల్లిక సూది. అడిగితే ఆమె, "నాకేం తెలుసండీ, మీ తమ్ముడేమో" అంది. నేనూ సరేనన్నాను. సూది తీసుకెళ్లి ఆమె బుట్టలో పెట్టాను.

దాక్కోవడానికి చోటిస్తే చాలు, బతికేవి బతుకుతాయి. ఆ సంగతి నాకంటే ఆమెకు బాగా తెలుసు. ముప్పై ఏళ్లు నాతో కాపురం చేసింది.

7. గదిలో అడుగు పెట్టినందుకు నా భార్య పేరు మార్చుకోనక్కరలేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. ఆ పేరు పెట్టి నేను పిలిచింది తక్కువే. అయినా నాకు అదే కావాలి.

తేదీ: మార్చి పద్నాలుగు, గురువారం, షాపు మూసివేసిన పిమ్మట.

(సంతకం) ఫ్రిజ్ మెకానిక్, బంతి యజమాని

సాక్షులు:
తాళాల మేస్త్రీ. (చదివి, పెట్టె తాళం లాగి చూశాడు.)
పశువుల డాక్టరు. (కొలతలు సరిచూశాడు.)

సాక్షులకు ఏమీ రాయలేదు. సాక్షికి రాసింది చెల్లదట. లేకపోతే తాళాల మేస్త్రీకి ఆ పీట రాసేవాణ్ణి. అయినా వద్దు, పీట నా భార్యకే అవసరముంది.