నాలుగో నంబరు సంతానం

1994 మార్చి 3

ఈ నోట్‌బుక్ తెలుగులో రాస్తున్నాను. ఈ జింకల పెంపకం సెంటర్‌లో ఈ అక్షరాలు చదివేవాళ్ళు లేరు. కుప్పుసామికి మాట్లాడటం వచ్చు, చదవటం రాదు.

మే నెలలో కృష్ణజింకల్ని అడవిలోకి వదులుతారు. వేలూరు పక్కన మా కంచెలో ఇరవై రెండు ఉన్నాయి. ఏది దేని పిల్లో రాసే రిజిస్టర్ రెండేళ్ళుగా నాది. సంతకమూ నాదే.

ఈ ఏడాది పుట్టిన ఐదు పిల్లల్లో మూడు పోయాయి. ఒకటైతే లేచి నిలబడనే లేదు. రిజిస్టర్ ప్రకారం తండ్రులు రెండు. నాలుగో నంబరు, తొమ్మిదో నంబరు. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చినవి. అలా దూరపు రక్తం కలిసినప్పుడు ఇన్ని పిల్లలు పోకూడదు.

మార్చి 5

కుప్పుసామిని అడిగాను. ఇరవై ఏళ్ళుగా మేత వేసేది ఆయనే. గడ్డికట్ట విప్పుతూ చెప్పాడు.

"తొమ్మిదోది లారీ దిగిన మూడోనాడే సచ్చిపోయినాది తల్లీ. దాని చెవి బిళ్ళ తీసి నాలుగోదాని కొడుక్కి తగిలించమన్నాడు డైరెక్టరు సారు. నేనే తగిలించినాను. అన్నీ ఒకే నెత్తురు."

కొన్నింటికి నాలుగోదే తండ్రి, తాత కూడా అదే.

తన పేరు మాత్రం ఎత్తొద్దన్నాడు. ఇంకో రెండేళ్ళలో రిటైర్ అవుతాడు.

మార్చి 6

రెండేళ్ళు అబద్ధం మీద సంతకం పెట్టాను. తెలియక. ఎవరు నమ్ముతారు?

మార్చి 9, సాయంత్రం 4

వెళ్ళి అడిగితే డైరెక్టర్ శంకరలింగం కోప్పడలేదు. చూసేవాళ్ళకు జింక అంటే జింకే అన్నాడు, అరవంలో. వదిలే రోజుకి మంత్రి వస్తున్నాడు, పిలుపు కార్డులు అచ్చయ్యాయి. వచ్చే శుక్రవారంలోగా వంశావళి షీటు మీద సంతకం కావాలట. లేకపోతే బిళ్ళ మార్చింది కుప్పుసామి, రాసింది నేను, తనకేమీ తెలియదని చెప్తాడట.

అడవిలో ఒక్క జబ్బు చాలు. ఒకదాన్ని పడగొట్టేది అన్నింటినీ పడగొడుతుంది. మిగిలినవి మళ్ళీ తోబుట్టువులతోనే కలుస్తాయి. ఇరవై రెండు ఉన్నా లెక్కకు ఒకటే.

మార్చి 13, ఆదివారం

మా ఊరు గుడియాత్తం వచ్చాను. అమ్మకూ అప్పకూ అంతా చెప్పాను. అమ్మ నవ్వింది.

"మీ అప్ప నాకు సొంత మేనమామే కదమ్మా. నీకేమి తక్కువైంది? సైను పెట్టి ఉద్యోగం నిలుపుకో."

నా తర్వాత పుట్టి పోయిన ఇద్దరి సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అప్ప లుంగీ నేస్తున్నాడు. మగ్గం ఆపి ఒక్కటే అడిగాడు. "ఆ కుప్పుసామి ఏమంటాడో అడిగినావా?"

మార్చి 15

అడిగాను. నిజం రాస్తే మీ పేరూ వస్తుందని చెప్పాను. ఆయన తొట్టిలో నీళ్ళు పోయడం పూర్తిచేసి వచ్చాడు.

"నా కండ్ల ముందర పుట్టినవి. పంపించి సంపేదానికి నాకు మనసు రాదు. రాయి తల్లీ. యేలిముద్ర యేస్తాను."

జింకల్ని వదలడానికి అనుమతిచ్చే మద్రాసు కమిటీకి రిజిస్టర్డ్ పోస్ట్. కింద నా సంతకం, పక్కన ఆయన వేలిముద్ర.

ఏప్రిల్ 22

కమిటీ వచ్చింది. ఒక్కో జింక నుంచి రక్తం తీసుకుపోయారు.

జూన్ 10

రిలీజ్ ఆగిపోయింది. శంకరలింగానికి బదిలీ. కుప్పుసామిని తీసేశారు. నన్ను ఉంచారు. ఈ రిజిస్టర్ తెలిసింది నాకొక్కదానికే.

బయటి మగది ఒక్కటైనా వచ్చి, దాని పిల్లలు నిలిచేదాకా దేన్నీ వదలకూడదని ఆర్డర్. అంతవరకు ఆడవి ఒక దొడ్డిలో, మగవి ఒక దొడ్డిలో.

సాయంత్రం కుప్పుసామి ఇంటికి వెళ్ళాను. ఆయన కూతురు అంబిక నన్ను చూసి తలుపు వేసుకుంది.

1995 నవంబర్ 2

మగ జింక కోసం పదకొండో ఉత్తరం. జవాబు లేదు.

1996 జనవరి 19

పదహారు మిగిలాయి. అడవికి పోయుంటే ఈపాటికి ఒక్కటీ ఉండేది కాదేమో. లేక ఉండేవేమో. పొద్దస్తమానం కంచె వెంబడే తిరుగుతుంటాయి. అక్కడ గడ్డి మొలవడం మానేసింది.

నేను నిజం చెప్పాను కాబట్టి అవి లోపల ఉన్నాయి. వాటిని వదిలి నేనూ పోలేను.

ఫిబ్రవరి 27, ఉదయం 6

కంచె బయట మగ కృష్ణజింక. మా మందది కాదు. నాట్రంపల్లి వైపు చేలల్లోంచి వచ్చి ఉంటుంది. ఆడవన్నీ తీగ దగ్గరికి చేరాయి.

వాటి పక్కనున్న ఖాళీ దొడ్డి గేటు తెరిచి, దూరంగా కూర్చున్నాను. గంటసేపు.

తనంతట తనే లోపలికి వచ్చింది.

గేటు మూసింది నేనే.